అరువు తెచ్చిన మురికి

ఇంగ్లండు దక్షిణ తీరాన, సముద్రపు ఒడ్డునే, బ్రైటన్ అనే పట్టణం ఉంది. అక్కడ 2003లో ఏర్పడిన ఫ్యూచర్‌ల్యాబ్ అనే సంస్థ వీడియో గేములను తయారు చేస్తుంది. 2021 మే నెలలో తొలి రూపంలోనూ, 2022 జులైలో సంపూర్ణంగానూ ఆ సంస్థ ప్రజల ముందుంచిన ఒక ఆట పేరు పవర్‌వాష్ సిమ్యులేటర్. అందులో శత్రువులు లేరు, తుపాకులు లేవు, ప్రధానమైన ఆటలో గడియారంతో పందెం కూడా లేదు. ఆడేవారి చేతిలో ఉండేది నీటిని వడిగా చిమ్మే ఒక గొట్టం. మన ఊళ్లలో వాటర్ సర్వీసింగ్ షెడ్ల వద్ద స్కూటర్ల మీద, లారీల మీద కొట్టే నీటిధార వంటిదే. చేయవలసిన పని ఒక్కటే: ఎదుట కనిపించే మురికిని కడిగివేయడం.

ఆట జరిగే ఊరి పేరు మకింగ్‌హామ్. ఆ పేరులోనే ఆంగ్లంలో మురికి అనే అర్థమిచ్చే మాట దాగి ఉంది. ఆడేవారు ఆ ఊళ్లో కూలికి కడిగే మనిషి. మొదట తన వ్యాను కడుక్కుంటాడు. తరువాత ఎవరిదో పెరడు, ఎవరిదో మోటారు సైకిలు, పిల్లల జారుడుబల్లల మైదానం, చివరికి పెద్ద పెద్ద కట్టడాలు. గొట్టం చివర బిగించే ముక్కులు నాలుగు రంగుల్లో ఉంటాయి: ఎర్రది సూదిలా ఒక్కచోట కొడుతుంది, తెల్లది చేటలా విప్పారుతుంది, పసుపు, ఆకుపచ్చ ఆ రెంటికీ నడుమ. ఒక మీట నొక్కితే మిగిలిపోయిన మురికి మెరిసి కనిపిస్తుంది. ఒక భాగం పూర్తిగా శుభ్రపడగానే చిన్న గంట మోగినట్టు శబ్దం వస్తుంది. నేపథ్య సంగీతం లేదు. నీటి హోరు, నడుమ నడుమ ఆ గంట, అప్పుడప్పుడు పని ఇచ్చినవారి నుంచి ఒక చిన్న సందేశం. నగరాధ్యక్షుని పిల్లి తప్పిపోయిందనే వార్త వంటివి. అంతే.

ఇది ఆట ఎలా అవుతుందని అడిగేవారు సంక్రాంతి ముందు బూజు దులిపే రోజును గుర్తు చేసుకుంటే చాలు. మొదట విసుగు, మధ్యలో పట్టుదల, చివరకు అటక మీది ఇత్తడి గంగాళం కూడా తోమి బోర్లించిన తరువాత ఆ వైపే నాలుగు సార్లు తిరిగి చూసుకోవడం. ఆ చివరి అవస్థను మాత్రమే వేరు చేసి, నడుము నొప్పిని తీసివేసి, ఆటగా అందించారు. దీని మీద ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు ఇంటర్నెట్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ఒక అధ్యయనం కూడా చేశారు. అందుకోసం ఆటకు ప్రత్యేకమైన ప్రతిని తయారు చేయించి, ఆడుతున్న సమయంలోనే మనఃస్థితిని అడిగి నమోదు చేశారు. 39 దేశాలకు చెందిన 8,695 మంది అందులో పాల్గొన్నారు. ఆడటం మొదలుపెట్టిన కొద్దిసేపటికి 72 శాతం మందికి మనసు కొంత తేలికపడే అవకాశం ఉన్నదని ప్రచురించిన ఫలితాలలో తేల్చారు. ఆ మార్పు పరిమాణంలో చిన్నది. ఆడేవారు స్వయంగా చెప్పుకున్నది. అయినా తేలికపడటం నిజమే.

కడగడం విశ్రాంతి అనడానికి మన దేశంలో నాలుక కొంచెం వెనుకాడుతుంది. ఊడ్చేదెవరు, కడిగేదెవరు, కాలువలోకి దిగేదెవరు అన్నది పుట్టుకతో నిర్ణయమయ్యే దుస్థితి ఇక్కడ ఇంకా పూర్తిగా గతించలేదు. మానవ మలాన్ని చేతులతో ఎత్తే పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం చేసి, అది చాలక 2013లో మరొక చట్టం చేయవలసి వచ్చిన దేశం ఇది. తెర మీది మురికికి వాసన లేదు, దానిని తాకినవానికి వెలి లేదు. ఆ సౌకర్యం ఉన్నందువల్లనే అది ఆట కాగలిగింది. ఈ మాట ఇక్కడితో వదిలివేసినా, కూలికి కడిగే మనిషి అన్న విషయం మాత్రం మనసులో ఉంచుకోవాలి. ముందు ముందు అది పనికి వస్తుంది.

ఇటువంటి ఆటలోకి 2023 నుంచి పరాయి కథలు వచ్చి చేరడం మొదలయింది. ఒక సంస్థకు చెందిన కథాలోకాన్ని మరొక సంస్థ అనుమతి పత్రం పుచ్చుకొని తన ఆటలో అదనపు అధ్యాయంగా చేర్చుకోవడం వీడియో గేముల వ్యాపారంలో పరిపాటి. సాధారణంగా అరువు తెచ్చేది నాయకుణ్ణి. ఒక ఆటలోని వీరుడు మరొక ఆటలోకి వచ్చి కత్తి తిప్పుతాడు. అభిమానులు చప్పట్లు కొడతారు. మన రంగస్థలానికి ఈ ఊహ కొత్త కాదు. కృష్ణుణ్ణీ అర్జునుణ్ణీ ఎదురెదురుగా నిలబెట్టిన చిలకమర్తివారి గయోపాఖ్యానం ఎన్ని ఊళ్లలో ఎన్ని రాత్రులు ఆడిందో లెక్క లేదు. ఇద్దరు మహావీరులు తారసపడితే ఎవరు గెలుస్తారన్న కుతూహలమే అక్కడ మూలధనం.

కడిగే ఆటకు ఆ మూలధనం అక్కరకు రాదు. అందులో మనుషులు కనిపించరు. నాయకుడు వచ్చినా చేసే పనేమీ లేదు. కనుక అరువు తేగలిగింది నాయకుని ఇల్లు, బండి, వీధి, యంత్రం. వాటి మీద పేరుకున్న మురికి. అసలు చిక్కు అక్కడే ఉంది. కట్టడాలకు నమూనాలు యజమాని ఇస్తాడు గాని, మురికికి నమూనా ఎవరూ ఇవ్వరు. దానిని కొత్తగా ఊహించాలి. ఆ మురికి ఆ లోకానికి చెందినదే అనిపిస్తే అధ్యాయం నిలుస్తుంది. తెచ్చి పూసినట్టు ఉంటే, ఎంత పేరున్న కథ అయినా అది అరువు సొమ్మే. అరువు సొమ్ములు బరువు చేటని మనవాళ్లు ఊరికే అనలేదు. ఒక భాష నుంచి మరొక భాషకు కథలు మోసుకువచ్చేవారికి ఈ సంగతి అనుభవంలో ఉన్నదే. మూలంలోని రాజభవనాలు సులువుగానే వస్తాయి. ఆ ఊరి దుమ్ము రావడమే కష్టం.

కడిగేవాణ్ణి పరాయి వీరుని వాకిట్లోకి పంపడం పవర్‌వాష్ సిమ్యులేటర్‌తోనే మొదలు కాలేదు. దక్షిణాఫ్రికాకు చెందిన రూన్‌స్టార్మ్ సంస్థ విసెరా క్లీనప్ డీటెయిల్ అనే ఆటలో యుద్ధం ముగిసిన తరువాత నెత్తురు తుడిచే పాకీవాని పాత్రను ఆడేవారికి ఇచ్చింది. 2013లో షాడో వారియర్ అనే కత్తియుద్ధపు ఆటతో అది చేయి కలిపింది. ఆ కథలో వీరుడు శత్రువులను నరికి ముందుకు సాగిపోతాడు. వెనుక బకెట్టూ కర్రగుడ్డా పట్టుకొని ఒకడు వస్తాడు. ఊహ చక్కనిదే గాని ఆ ఆటలో ఉన్నది పరిహాసం, విశ్రాంతి కాదు.

బ్రైటన్ సంస్థ ఆటను మొదట ప్రచురించినది జపానుకు చెందిన స్క్వేర్ ఎనిక్స్. మొదటి రెండు అరువులూ ఆ బంధుత్వం నుంచి పుట్టినవే; ఆ రెంటినీ ఆడేవారికి ఉచితంగా ఇచ్చారు. 2023 జనవరి చివర వచ్చిన మొదటిది టూంబ్ రైడర్ నాయిక లారా క్రాఫ్ట్ నివాసం. ప్రాచీన సమాధులలో దూకే ఈ సాహసిక 1996లో తొలిసారి తెర మీదికి వచ్చింది. ఆమె పూర్వీకుల భవనం అప్పటి నుంచి అభిమానులకు పరిచయమే. పరుగు, గెంతడం నేర్చుకోవడానికి ఆ ఇంట్లోనే ఏర్పాటు ఉండేది. రెండవ ఆటలో ఆ ఇంటి ముసలి సేవకుణ్ణి వెంట తిప్పుకొని శీతలగదిలో పెట్టి తలుపు వేయడం ఒక తరం పిల్లలకు వినోదం. ఆ భవనం గోడలనూ, పెరటిలోని పచ్చమొక్కల చిక్కుదారినీ, ఆమె జీపునూ, పడవనూ, సంపద దాచిన గదినీ కడగడం ఈ అధ్యాయం.

ఇందులో చమత్కారం ఆటలో కన్నా దస్తావేజుల్లో ఎక్కువ ఉంది. టూంబ్ రైడర్ హక్కులు 2009లో ఐడోస్ అనే బ్రిటిష్ సంస్థను కొనుగోలు చేయడంతో స్క్వేర్ ఎనిక్స్‌కు వచ్చాయి. 2022 మే నెలలో ఆ సంస్థ వాటిని, మరికొన్ని ఆస్తులతో కలిపి, 30 కోట్ల డాలర్లకు స్వీడన్‌లోని ఎంబ్రేసర్ అనే సంస్థకు అమ్ముతున్నట్టు ప్రకటించింది. అంటే 2023లో కూలివాడు నీటిగొట్టంతో గేటు ముందు నిలబడేసరికే ఇల్లు చేతులు మారిపోయింది. కడిగేవానికి యజమాని మారిన సంగతి చెప్పేదెవరు?

రెండవది, 2023 మార్చిలో వచ్చినది, ఇప్పటికీ ఈ అరువులన్నిటిలో ఆలోచింపజేసే అధ్యాయం. ఫైనల్ ఫాంటసీ అనే జపాను కథామాలికలో ఏడవది 1997లో వచ్చింది. 2020లో దానిని కొత్తగా మలిచారు. కథ జరిగే మహానగరం పేరు మిడ్‌గార్. షిన్రా అనే విద్యుత్ సంస్థ భూమి జీవసత్త్వాన్నే తోడి ఇంధనంగా అమ్ముతూ ఉంటుంది. ధనికులు ఆకాశంలో నిలిపిన ఉక్కు పళ్లెం మీద, పేదలు దాని కింద, ఎండ సోకని వాడల్లో నివసిస్తారు. ఆ సంస్థను ఎదిరించే కొద్దిమంది కథ అది. ఇక్కడ మురికిని ఊహించడానికి ఎవరూ శ్రమ పడవలసిన పని లేదు. మసి, నూనె, తుప్పు కథలోనే ఉన్నాయి. ఆ ఊరి పాపం అదే.

కడిగేవానికి అప్పగించే పనులు చూడండి. షిన్రా బండి, మోటారు సైకిలు. స్కార్పియన్ సెంటినెల్ అనే తేలు ఆకారపు కాపలా యంత్రం. సంస్థ తన ఇంధనం గొప్పను చాటుకునే ప్రదర్శనశాల. ఎయిర్‌బస్టర్ అనే మరొక యుద్ధయంత్రం. నడుమ ఒక్కటి మాత్రం వేరు: పేదవాడలో టీఫా అనే యువతి నడిపే సెవెంత్ హెవెన్ అనే మధుశాల. కథ తెలిసినవారికి ఇవి ఊరికే వస్తువులు కావు. ఆ తేలు యంత్రమే కథారంభంలో నాయకుల మీదికి వస్తుంది. రెండవ యంత్రం మరికొంత దూరంలో కాచుకొని ఉంటుంది. ఆ మధుశాల ఉన్న వాడ మీద షిన్రా సంస్థ ఆకాశపు పళ్లేన్ని కూలదోసి నేలమట్టం చేస్తుంది. కూలికి కడిగేవాడు ఆ ఆయుధాల తుప్పు వదలగొట్టి, కీలు కీలూ తోమి, మెరిపించి పెడతాడు. అదే గొట్టంతో, అదే ఓపికతో, కూలిపోబోయే మధుశాల మెట్లను కూడా కడుగుతాడు. రెండు చోట్లా అదే గంట మోగుతుంది. రెండు చోట్లా కూలి ముడుతుంది.

ఆట దీనిని గురించి ఉపన్యాసం ఇవ్వదు. యుద్ధయంత్రాన్ని కడగనని చెప్పే వీలు కూడా ఆడేవారికి లేదు. ఆ అవకాశం లేకపోవడమే దాని సత్యమని కొందరు అనవచ్చు. వ్యాపారమని మరికొందరు అనవచ్చు. ఏదైనా, వీరుల కథను వీరుల వైపు నుంచి గాక జీతగాని వైపు నుంచి చూపే అవకాశం అరువు అధ్యాయాలకు ఉన్నదని తేలింది ఇక్కడే. మూలకథలో ఎక్కడా కనిపించని మనిషి ఇతడు. ఆ యంత్రాలను ఎవరో ఒకరు కడిగే ఉంటారు గదా!

ఆ తరువాత బంధువుల ఇళ్లు అయిపోయాయి. ఇతర సంస్థల అనుమతి పుచ్చుకొని వెల కట్టి అమ్మే అధ్యాయాలు వచ్చాయి. 2023 జూన్‌లో వచ్చిన స్పాంజ్‌బాబ్ 1999 నుంచి అమెరికా టెలివిజన్‌లో నడుస్తున్న పిల్లల హాస్యచిత్రం. సముద్రగర్భంలో నివసించే ఒక స్పాంజి కథ. దానిని సృష్టించిన స్టీఫెన్ హిల్లెన్‌బర్గ్ సముద్రజీవశాస్త్రం బోధించినవాడు. నీటి అడుగున నీటితో కడగడమేమిటన్న ప్రశ్న రాక మానదు. కాని ఆ సముద్రంలో చలిమంటలు కూడా వేసుకుంటారు. కనుక అక్కడి పిచ్చికి ఈ పిచ్చి సరిపోయింది. అదే సంవత్సరం నవంబరులో వచ్చిన బ్యాక్ టు ది ఫ్యూచర్ 1985 నాటి సినిమా ఆధారంగా చేసినది. కాలంలో ప్రయాణించే కారు, 1955లో పిడుగు పడి 10 గంటల 4 నిమిషాల దగ్గర ఆగిపోయిన గడియార స్తంభం అందులోవి. ఎరువు లారీని ఢీకొని పేడలో మునిగిన కారు ఆ చిత్రంలో అందరూ నవ్విన దృశ్యం. కడిగేవానికి అంతకన్న స్పష్టమైన ఆహ్వానం ఏ కథా ఇవ్వలేదు.

2024 ఫిబ్రవరిలో వచ్చిన వార్‌హామర్ 40,000 అధ్యాయం వద్ద కొంచెం ఆగాలి. ఇది 1987లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ కేంద్రంగా ఉన్న గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ తెచ్చిన బల్ల మీది యుద్ధక్రీడ. సుదూర భవిష్యత్తులో ఎడతెగని యుద్ధం. ఆడేవారు వేలెడంత సైనికుల బొమ్మలను, రథాలను విడిభాగాలుగా కొని, అతికించి, సన్నని కుంచెలతో స్వయంగా రంగులు వేసుకుంటారు. రంగు వేయడంతో పని ముగియదు. తళతళలాడే ట్యాంకు యుద్ధానికి వెళ్లినట్టు ఉండదు గనుక, చక్రాల పట్టాల మీద బురద, మూలల్లో తుప్పు, గొట్టాల దగ్గర మసి కూడా వారు ఎంతో నేర్పుతో చిత్రిస్తారు. మురికి వేయడం అక్కడ ఒక కళ. దానికి ప్రత్యేకంగా రంగులు అమ్ముతారు.

అటువంటి లోకాన్ని కడిగే ఆట అరువు తెచ్చుకుంది. ల్యాండ్ రైడర్ అనే కవచ శకటం, ఇంటి ఎత్తు నడిచే యంత్రం, థండర్‌హాక్ అనే యుద్ధవిమానం. ఏళ్ల తరబడి అరచేతిలో పెట్టుకొని, భూతద్దం కింద బురద చుక్కలు అద్దినవాని ముందు అదే వస్తువు పర్వతంలా నిలబడుతుంది. అతడు వెనుకటి నుంచి ముందుకు నడిచినట్టు, తన చేతి పనికి సరిగ్గా వ్యతిరేకమైన పని చేస్తాడు. అయినా చూపు మాత్రం అదే. ఏ మూల ఏ మర ఉన్నదో, ఏ అంచు కింద నీడ పడుతుందో అతనికి ముందే తెలుసు. వస్తువును అంగుళం అంగుళం చూడటం తప్ప ఇంకేమీ కోరని ఆట, వస్తువును అంగుళం అంగుళం చూసే అలవాటున్న అభిమానులను కలుసుకుంది. ఇందులో కథాపరంగా చెప్పుకోదగినది పెద్దగా లేకపోయినా, ఇది కుదిరిన సంబంధం.

కుదరని సంబంధం కూడా ఒకటి ఉంది. 2024 అక్టోబరులో వచ్చిన ష్రెక్. విలియం స్టైగ్ 1990లో వ్రాసిన పిల్లల పుస్తకం నుంచి 2001లో వచ్చిన చలనచిత్రం అది. అందులో ఆకుపచ్చని రాక్షసుడు బురదతోనే స్నానం చేస్తాడు. తన చిత్తడి నేల తనకు చాలునంటాడు. వాని నివాసానికి కడిగేవాణ్ణి పంపడం ఒక నవ్వు తెప్పిస్తుంది. ఆ నవ్వు గడపలోనే అయిపోతుంది. తరువాత ఎంతసేపు కడిగినా, ఇతని మురికి ఇతనికి ఆభరణం గదా అన్న శంక వదలదు. ఆ చిత్రంలోనే డ్యులాక్ అనే మరొక పట్టణం ఉంది. దాని ప్రభువుకు శుభ్రత పిచ్చి, కథలోని వింతజీవులన్నీ అతనికి చెత్తతో సమానం. ఆ పిచ్చిని పరిహసించిన కథకు కడిగే ఆట ఎటువైపు నిలబడాలో తేల్చుకోవడం కష్టమే.

దీనికి ప్రతిగా 2025లో వచ్చిన వాలస్, గ్రోమిట్‌ల ఇల్లు సహజంగా అమరింది. బ్రిస్టల్ నగరంలోని ఆర్డ్‌మన్ స్టూడియోలో నిక్ పార్క్ సృష్టించిన ఈ జంట మొదటి చిత్రం 1989 నాటిది. వాలస్ ఒక పిచ్చి ఆవిష్కర్త; అతని పలహారపు యంత్రం రొట్టె మీదికి జాము విసురుతుంది. గ్రోమిట్ అనే కుక్క మాట్లాడకుండా అన్నీ సర్దుతూ ఉంటుంది. అంటే ఆ ఇంటికి మురికీ ఉంది, కడిగేవాడూ మొదటి నుంచే ఉన్నాడు. బొమ్మలను మెత్తని మట్టితో చేసి, చిత్రానికి చిత్రానికి కొంచెం కొంచెం కదుపుతూ తీసే ఈ సినిమాలలో బొమ్మల మీద కళాకారుల వేలిముద్రలు కనిపిస్తాయి. వాటిని చెరిపివేయకుండా ఉంచుతారు. అవి మచ్చలు కావని ప్రేక్షకులకు తెలుసు.

అరువుకు గడువు ఉంటుందన్న విషయం ఇక్కడ చెప్పుకోక తప్పదు. అనుమతి పత్రాలు సామాన్యంగా కొన్ని సంవత్సరాలకే వ్రాసుకుంటారు. గడువు తీరిన తరువాత తిరిగి వ్రాసుకోకపోతే ఆటను దుకాణం నుంచి తీసివేయవలసి వస్తుంది. స్కాట్ పిల్‌గ్రిమ్ అనే చిత్రకథ ఆధారంగా చేసిన ఆట 2014 చివర ఇలా మాయమై, అభిమానులు గోల చేయగా చేయగా 2021 జనవరిలో తిరిగి వచ్చింది. నిజమైన కార్ల పేర్లను అనుమతితో వాడుకున్న ఫోర్జా హొరైజన్ 4 అనే పందెపు ఆట అమ్మకం 2024 డిసెంబరుతో ఆగిపోయింది. పుస్తకం ముద్రణలో లేకపోతే పాత పుస్తకాల దుకాణంలో వెతకవచ్చు. అద్దె కొట్లో దొరకవచ్చు. తంతి మీద దిగుమతి చేసుకునే ఆటకు ఆ అడుగు మెట్టు లేదు. అనుమతి మీద నిలిచిన ప్రతి అధ్యాయమూ సూత్రప్రాయంగా ఈ కత్తి కిందనే ఉంటుంది. 2025 అక్టోబరులో పవర్‌వాష్ సిమ్యులేటర్ రెండవ ఆటను ఫ్యూచర్‌ల్యాబ్ స్వయంగా ప్రచురించుకుంది. స్క్వేర్ ఎనిక్స్ ప్రచురణ మొదటి ఆట వరకే.

ఈ కత్తి లేని అధ్యాయం ఈ వరుసలో ఒక్కటే ఉంది. 2024 జులైలో వచ్చిన ఆలిస్ సాహసాలు. ఆక్స్‌ఫర్డ్‌లో గణితం బోధించిన చార్లెస్ డాడ్జ్‌సన్, లూయీస్ కారోల్ అనే పేరుతో 1865లో ప్రచురించిన కథ ఇది. బ్రిటనులో దాని మీది హక్కులు 1907లోనే తీరిపోయాయి. ఆ ఏడే ఆర్థర్ రాకమ్ మొదలైన చిత్రకారులు ఎవరి అనుమతీ అడగకుండా కొత్త బొమ్మలతో కొత్త ప్రతులు తెచ్చారు. డిస్నీ సంస్థ 1951లో తీసిన చిత్రంలోని రూపాలు ఆ సంస్థ సొత్తు కావచ్చు గాని, కుందేలు బొరియ ఎవరి సొత్తూ కాదు. రామకథ చెప్పుకోవడానికి మొల్ల ఎవరి చేతా సంతకం పెట్టించుకోలేదు. అందరిదీ అయిన కథకు ఉండే స్వేచ్ఛ అది. ఆ స్వేచ్ఛ వల్ల ఆట తయారు చేసేవారు ఏ యజమాని ముఖమూ చూడకుండా నేరుగా పుస్తకం ముఖం చూడగలిగారు.

పుస్తకంలో మురికి ఎక్కడ ఉన్నదో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. తెల్ల కుందేలు ఇల్లు, గొంగళిపురుగు కూర్చునే పుట్టగొడుగు, ఆటీను రాణి కొలువు అన్నీ ఆటలో ఉన్నాయి. వాటి మురికి ఊహించి పూసినదే. కాని ఆ పిచ్చి తేనీటి విందు మాట వేరు. టోపీలవాడికీ కాలపురుషునికీ తగవు వచ్చింది. అప్పటి నుంచి అతనికి ఎప్పుడూ సాయంకాలం ఆరు గంటలే. ఎప్పుడూ తేనీటి వేళే. ఒక విందుకూ మరొక విందుకూ నడుమ వ్యవధి లేదు గనుక కప్పులు కడగడానికి తీరిక లేదు. అందుకే బల్లను అంత పొడుగున, అన్ని కప్పులతో పరిచారు. ఒక చోటి కప్పు మాసిపోగానే అందరూ పక్క కుర్చీలోకి జరుగుతారు. ముందు జరిగే టోపీలవానికి మాత్రమే కడిగిన కప్పు దొరుకుతుంది. అతని వెనుక జరిగినవారందరికీ ఎంగిలిదే. మార్చి కుందేలు తన పళ్లెంలో పాలకూజా ఒలకబోసి లేచిన చోటికే ఆలిస్ జరగవలసి వస్తుంది. చుట్టూ తిరిగి మొదటి కుర్చీకి వచ్చినప్పుడు ఏమవుతుందని ఆమె అడుగుతుంది. ఎవరూ సమాధానం చెప్పరు, మాట మార్చేస్తారు.

ఆ ప్రశ్న 1865 నుంచి అలాగే ఉండిపోయింది. పాఠకులు నవ్వుకొని పుట తిప్పారు. అనువాదకులు ఆ సందర్భంలోని శ్లేషలతో కుస్తీ పట్టారు గాని, కప్పుల సంగతి ఎవరికీ పట్టలేదు. 159 సంవత్సరాల తరువాత మకింగ్‌హామ్ నుంచి ఒక కూలివాడు వ్యాను వేసుకొని వచ్చి, ఆ బల్ల ఒక కొస దగ్గర నిలబడి నీళ్లు వదిలాడు. ప్రధానమైన ఆటలో అతనికి గడియారం లేదు. కనుక సాయంకాలం ఆరు గంటలు దాటకపోయినా అతనికి అభ్యంతరం లేదు.